బురుజులు లెక్కింపుడి

ధ్యాన భాగము: 48వ కీర్తన, 12 మొదలు 14 వరకు



కోరహు కుమారుల ఈ కీర్తన చివర భక్తులకొక వింతయైన ఆజ్ఞ కనబడుచున్నది. సీయోను చుట్టు తిరిగి రమ్మనియు, దాని బురుజులెన్నియో ఎంచుమనియు, గోడలను శ్రద్ధగా చూడుమనియు చెప్పబడినది. ఎందుకు? గొప్పలు చెప్పుకొనుటకు కాదు, వెనుక వచ్చు తరమువారికి తెలియజెప్పుటకు. రాజులు కూడి వచ్చి, పట్టణమును చూచి, భ్రమపడి పారిపోయిరని అదే కీర్తన పై భాగములో నున్నది. ముట్టడి తొలగిన మరునాడు జనులు బయటికి వచ్చి, తమ గోడలు నిలిచియున్నవా యని తాకి చూచుకొన్నట్లు నాకు తోచుచున్నది. ఈ లెక్క ఇంట కూర్చుండి చేయదగినది కాదు. తిరుగవలెను.

క్రిస్మసు పండుగకు మన సండేస్కూలు పిల్లలను కొన్ని ప్రశ్నలడిగితిమి. అహష్వేరోషు ఏలిన సంస్థానములెన్ని యనగా 127 అని తడుముకొనకుండ చెప్పిరి. మన పల్లెకు సువార్త మొదట ఎవరు తెచ్చిరనగా ఒక్క బిడ్డయు నోరు విప్పలేదు. వెనుక కూర్చున్న తలిదండ్రులును ఒకరి మొగమొకరు చూచుకొనిరి. ఇదే సమయమున మందిరముపై ఎత్తైన గోపురము కట్టవలెనని కొందరు పెద్దలు చందా పుస్తకము తెరచిరి. నేను దానికి అడ్డు చెప్పువాడను కాను. అయితే ఉన్న బురుజులు ఎంచనివారు క్రొత్త బురుజు కట్టి ఏమి చెప్పుదురు?

కావున కోతలైన పిమ్మట ఒక శనివారము తొమ్మండుగురు యౌవనస్థులతో సైకిళ్లమీద బయలుదేరితిమి. మోటారు సైకిళ్లకు అలవాటుపడిన కుర్రవాండ్లు మొదట సిగ్గుపడిరి. కోవూరు దాటి, తెల్లవారునప్పటికి పెన్న వంతెన మీదికి వచ్చునప్పటికి సిగ్గు పోయినది, ఆయాసము వచ్చినది.

మొదట నెల్లూరు కోటమిట్టకు పోతిమి. ఒకప్పుడీ పట్టణమునకు మట్టి గోడల కోట యుండెను. 1757లో ఇంగ్లీషు సేనాని ఫోర్డు దానిని ముట్టడించి, లోనికి చొరలేక మరలిపోయెను. ఫిరంగులకు లొంగని ఆ గోడ ఎక్కడ అని మావాండ్లు వెదకిరి. అంగళ్లు, ఆటోలు, టీ బంకులు కనబడినవి గాని గోడ మాకు కనబడలేదు. కోట యనునది ఆ పేటకు పేరుగా మిగిలియున్నది. మన జిల్లాకు పడమట ఉదయగిరి కొండమీద, 1514లో కృష్ణదేవరాయలు జయించిన కోట సంగతియు అట్టిదే. రాళ్లున్నవి, కావలి లేదు. దేవాలయపు రాళ్లను చూచి ఆశ్చర్యపడిన శిష్యునికి ప్రభువిచ్చిన ఉత్తరము (మార్కు 13:2) నేనక్కడ చదివితిని. టీ కాచువాడు కూడ చేయి ఆపి వినెను.

అక్కడనుండి బాప్తిస్టు మిషను స్థలమునకు పోతిమి. శామ్యూలు డే దొర 1840లో నెల్లూరు వచ్చి పని మొదలుపెట్టెను. 1844లో సంఘము ఏర్పడెను. ఏండ్లు గడచినను చేరినవారు బహు కొద్దిమంది. 1853లో అమెరికాలోని పెద్దలు ఈ పని మూసివేయుదమా యని కూడి ఆలోచించిరి. మిషను పటములో ఒంటరి చుక్కవలె నున్నదని దీనికి లోన్ స్టార్ అను పేరు అప్పుడే వచ్చినది. ఖర్చు లెక్క చూచువారికి మూసివేయుటయే న్యాయముగా తోచియుండును.

ఆ మరుసటి సంవత్సరము, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, ఒంగోలు దగ్గర కొండమీద అయిదుగురు మోకరించిరి. జూయెట్ దొర, దొరసాని, నర్సు, జూలియా, రూతు. చివరి ముగ్గురు మనవారు. తెలుగువారి కొరకు ఒక సేవకుని పంపుమని వారు ప్రార్థించిరి. క్లౌ దొర ఈ దేశమునకు వచ్చినది 1865లో. మధ్య పదకొండు సంవత్సరములు! పదకొండు నిమిషములు ఆలస్యమైనచో ఫోను తీసి చూచుకొను మనము ఈ లెక్క నిదానముగా వేయవలెను. ప్రార్థనాకొండ యను పేరు నేటికిని నిలిచియున్నది. అక్కడ గోడ కట్టినవారెవరును లేరు, అయినను నేను దానిని మొదటి బురుజుగా లెక్కించితిని.

ఇందుకూరుపేట మీదుగా మైపాడు దారి పట్టితిమి. ఎదురుగాలి. ఒక చిన్నవాని సైకిలు చైను రెండుమారులు ఊడినది. బకింగ్‌హాం కాలువ గట్టున నిలిచి సద్ది మూటలు విప్పితిమి. ఆ నీళ్లు చూపి వారికి చెప్పినది మీకును చెప్పవలెను. 1876 మొదలు 1878 వరకు ధాత కరువు వచ్చినప్పుడు, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు ప్రభుత్వము ఈ కాలువ పని సాగించెను. భూమి కొలుచు విద్య తెలిసిన క్లౌ దొర ఒంగోలు ప్రాంతమున మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొనెను. పురుషులు త్రవ్విరి, స్త్రీలు తట్టలు మోసిరి. పని ఆగిన వేళ మన బోధకులు వారి నడుమ కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు పిలిచిన పిలుపును (మత్తయి 11:28) వినిపించిరి. నెత్తిమీద తట్ట ఉన్నవారికి ఆ మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు.

అయినను కరువు నడుచుచున్నంత కాలము వారికి బాప్తిస్మమియ్యలేదు. గంజి కొరకు వచ్చిరన్న మాట రాకూడదని ఆపిరి. కరువు తీరి, కూలి డబ్బు ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న వేలంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనలను బియ్యపు క్రైస్తవులని వెక్కిరించువారికి కోపముతో ఉత్తరమియ్యకుడి. ఈ తేదీ చెప్పుడి, చాలును. అయితే ఒక సంగతి నన్ను బాధించుచున్నది. దొరల పేర్లు పుస్తకములలో నున్నవి. తట్టలు మోసిన ఆ తల్లుల పేర్లలో ఎన్ని మనకు తెలియును?

మైపాడు ఇసుకలో కొంతసేపు విశ్రమించి కోడూరు తీరమునకు పోతిమి. అక్కడ కతోలికుల వేళాంకణి మాత మందిరము ఉన్నది. వారి ఆచారము వేరు, మన ఆచారము వేరు. అయినను మాకు చల్లని నీళ్లిచ్చిరి, వందనములు చెప్పితిమి. మొత్తము డెబ్బది కిలోమీటర్లకు పైగా తొక్కి దీపములు పెట్టువేళకు మన పల్లె చేరితిమి.

ఇండ్లకు పోక ముందు వారిని మన సంఘములో అందరికంటె పెద్దదైన అవ్వ మంచము యొద్దకు తీసికొనిపోతిని. "అవ్వా, మన పల్లెకు మొదట వాక్యము చెప్పినదెవరు?" అని అడిగితిని. "ఇన్నాళ్లకు అడిగితివా అయ్యా! నాయనమ్మ చెప్పంగా విన్నా. మగోళ్లు కాదు. ఒక ఆడమనిషి వచ్చిందంట, వడ్లు దంచే కాడ కూర్చుని పాటలు నేర్పిందంట" అనెను. ఆమె పేరేమనగా అవ్వ చాలసేపు కన్నులు మూసికొనెను. తరువాత ఆ పేరు రాలేదు గాని, ఆ బోధ విని మొదట నమ్మిన నాలుగు ఇండ్లవారి పేర్లు వచ్చినవి. చైను ఊడిన ఆ చిన్నవాడే ఫోను వెలుతురులో వ్రాసికొనెను. అందులో ఒకటి వాని ముత్తవ్వ పేరు.

అవ్వ ఆరోగ్యము ఇప్పుడు బాగుగ లేదు. వచ్చు ఆదివారము ఆరాధన తరువాత మందిరపు బల్లమీద ఒక నోటు పుస్తకము ఉంచబడును. మీ పెద్దలు చెప్పగా విన్నది ఏదైనను, పేరుగాని, ఊరుగాని, బాప్తిస్మము పొందిన చెరువుగాని, అందులో వ్రాయుడి. వ్రాయరానివారు చెప్పుడి, పిల్లలు వ్రాసెదరు. అవ్వను చూడగోరువారు సాయంకాలము పొండి. ఉదయము ఆమె నిద్రించును.