రిపోర్టు బానే ఉంది

రెడ్డిగూడెంలో అమ్మమ్మ వాకిలి నుంచి మామిడి తోటకి నూరడుగులు. మూడేళ్ళ కిందట ఆ నూరడుగుల్లోనే ఆవిడ రెండుసార్లు ఆగడం మొదలెట్టింది. రాత్రిళ్ళు మూడు దిళ్ళు వేసుకుని, కూర్చున్నట్టే పడుకునేది. "ఆయాసంగా ఉందే" అంటే, "ఎనభై దగ్గర పడ్డాయి, ఉండదూ మరి?" అనేవాళ్ళం. బెజవాడ తీసుకెళ్ళి ఎకో తీయిస్తే ఈఎఫ్ 60 శాతం వచ్చింది. ఏ లోటూ లేదన్నారు. తిరిగొచ్చి బస్సు దిగేసరికి మళ్ళీ రొప్పుతోంది. "రిపోర్టు బానే ఉందిగా అమ్మమ్మా, నువ్వే ఊహించుకుంటున్నావ్." ఆ మాట అన్నది నేనే.

నిండిన గుండె ఒక్కసారి ముడుచుకుంటే అందులో ఎంత శాతం రక్తం బయటికి పోతుందో చెప్పే లెక్క ఈఎఫ్. నిండటానికి ఆ గుండె ఎంత అవస్థ పడిందో అది చెప్పదు. ఏళ్ళ తరబడి బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్ళలో, అందులోనూ ఆడవాళ్ళలో, గుండె గోడ బిరుసెక్కుతుంది. ముడుచుకుంటుంది గానీ సరిగ్గా వదులవదు. వెనక ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. దీన్నే డయాస్టోలిక్ హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. గుండె వైఫల్యాల్లో దాదాపు సగం ఇదేనట! వదులవడం అంటే ఊరికే ఉండటం అనుకుంటాం గానీ, కణంలోని కాల్షియాన్ని తిరిగి దాని అరల్లోకి తోడిపోయడానికి గుండెకి శక్తి కావాలి. విశ్రాంతీ పనే. (దీన్ని అమ్మమ్మ బతుకుతో పోల్చబోయి ఆగిపోయాను. రోగాన్ని ఉపమానం చేస్తే మళ్ళీ ఆవిడ మాట వినకపోవడమే.)

రెండో డాక్టరు రిపోర్టు పక్కన పెట్టి, ఆవిడ కాలి మీద వేలితో నొక్కి, "రాత్రి ఎన్ని దిళ్ళు వేసుకుంటున్నారమ్మా?" అని ఆవిడనే అడిగాడు.

అలాగని పెద్దవాళ్ళు చెప్పిందల్లా నమ్మాలా? దిష్టి తగిలిందని కూడా అంది అమ్మమ్మ. అది నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఎందుకొచ్చిందన్నది వేరు, ఉందన్నది వేరు. ఆయాసం ఉందో లేదో ఆవిడకి కాక ఇంకెవరికి తెలుస్తుంది? కారణం తప్పు చెప్పిందని బాధనే కొట్టేశాం. అంకెది తప్పు కాదు. మేం అడగాల్సింది ఒకటైతే అది చెప్పింది ఇంకొకటి.

నీరు లాగే మాత్రలు, వాటితోపాటు ఎంపాగ్లిఫ్లోజిన్ ఇచ్చారు. షుగర్ మందే, కానీ ఈ జబ్బుతో ఆస్పత్రి పాలవడాన్ని తగ్గిస్తుందని 2021లో తేలింది. ఉప్పు తగ్గించమన్నారు. ఆవకాయ జాడీ అటక మీదికెక్కింది.

ఇప్పుడు ఫోన్ చేస్తే "బానే ఉన్నానే" అంటుంది. నేను మామయ్యకి ఫోన్ ఇమ్మని, రాత్రి ఎన్ని దిళ్ళు వేసుకుందో అడుగుతున్నాను.