సహాధ్యాయి యింటి వాకిట

బంధువులు మానవునకు పుట్టుకతో లభింతురు. మిత్రులు సహవాసముచే లభింతురు. మిత్రులలోను ఒకే గురువు నొద్ద కూర్చుండి చదివిన సహాధ్యాయులది ప్రత్యేకమైన బంధము. ఆ దినములలో ఎవరికిని హోదా లేదు; ఒకరి పేదరికమును మరియొకరు దాపరికము లేక యెరుగుదురు. చదువు ముగిసిన పిదప ఎవరి దారి వారిదగును. పెక్కు సంవత్సరముల అనంతరము ఒకరు మరియొకరి యింటి వాకిట నిలిచినపుడు ఆ స్నేహము పరీక్షకు గురియగును. ఆ పరీక్ష ఆతిథ్యమిచ్చువానికి మాత్రమేనా? వెళ్లినవానికి కూడ కలదా? ఇది విచారింపదగిన ప్రశ్న.

ఈ ప్రశ్న నేడు మన యిండ్లలోనికే వచ్చినది. 1965లో అమెరికా దేశము తన వలస చట్టమును సవరించిన పిదప మన వైద్యులు, ఇంజనీరులు పెక్కుమంది అచటికి వెళ్లి స్థిరపడిరి. డిసెంబరు సెలవులలో పిల్లల వద్దకో, పాత మిత్రుల వద్దకో సముద్రములు దాటి పోవువారు మా మలక్‌పేటలోనే ఎందరో కలరు. ప్రయాణము సులభమైనది గాని, మనస్సు మోయు మూటలు మాత్రము తేలిక కాలేదు.

మన పురాణేతిహాసములలో సహాధ్యాయి యింటికి సాగిన యాత్రలు రెండు ప్రసిద్ధములు. మొదటిది ద్రోణునిది. బాల్యమున తనతో చదివిన ద్రుపదుడు రాజైనాడని విని, పూర్వస్నేహమును తలచి ద్రోణుడు పాంచాలమునకు వెళ్లెను. రాజునకును పేదకును స్నేహమేమని ద్రుపదుడు అవమానించెను. ద్రోణుడు ఆ మాటను మరువలేదు. శిష్యులచే ద్రుపదుని పట్టి తెప్పించి, అర్ధరాజ్యమును తీసికొని, ఇక మనము సమానులము గాన మిత్రులమనెను. ఆ పగ అంతటితో చల్లారలేదు. ద్రుపదుని యజ్ఞమున జనించిన ధృష్టద్యుమ్నుని చేతనే కురుక్షేత్రమున ద్రోణుడు హతుడయ్యెను. ద్రుపదుని గర్వము దోషమే. కాని, నిరాకరింపబడిన స్నేహమును బాకీగా మార్చి వసూలు చేసికొనుట మాత్రము దోషము కాదా?

రెండవది కుచేలునిది. సాందీపని గురుకులమున శ్రీకృష్ణునితో కలిసి చదివిన ఆ బ్రాహ్మణుడు భార్య ప్రోత్సాహముచే, కొంగున కట్టిన అటుకులతో ద్వారకకు పోయెను. స్వామి అతని పాదములు కడిగి, గురుపత్ని కొరకు కట్టెలు తేబోయి ఇరువురును వానలో చిక్కుకొన్న రాత్రిని జ్ఞాపకము చేసెను. కుచేలుడు ఏమియు అడుగలేదు. ఒట్టి చేతులతోనే మరలుచున్నానని తలచి కూడ, ధనమిచ్చినచో నేను మదించి తన్ను మరతునని స్వామి కరుణించి ఈయలేదని సంతోషించుచు నడచెను. స్నేహయాత్రకు పరీక్ష వెళ్లునపుడు కాదు, మరలి వచ్చు దారిలోనని నాకు తోచుచున్నది.

ఇందుకు నా అనుభవమొకటి మనవి చేసెదను. 1968లో నాతోపాటు ఉస్మానియా ఇంజనీరింగు కళాశాలలో పట్టభద్రుడైన మిత్రుడొకడు కలడు. అతడు నిరుపేద, వారములు చెప్పుకొని చదివెను. శనివారము మా యింటి వంతు. సాయంకాలములందు ఇరువురమును ఆస్మాన్‌గఢ్ సమీపమున నున్న రేమండ్ సమాధి వద్ద కూర్చుండెడివారము. 1798లో మరణించిన ఆ ఫ్రెంచి సేనానిని మన జనులు మూసారామని పిలిచి తమవానిగా చేసికొనిరి. మూసారాంబాగు పేరు అతనిదే.

1972లో మిత్రుడు అమెరికాకు వెళ్లి పిట్స్‌బర్గ్‌లో ఉక్కు పరిశ్రమలో చేరెను. 1983లో నా చెల్లెలి వివాహమునకు కొంత ధనము అప్పుగా కోరుచు అతనికి ఉత్తరము వ్రాసితిని. జవాబు రాలేదు. నేను మరల వ్రాయలేదు.

2018 శీతకాలమున న్యూజెర్సీలోని మా కుమారుని యింటనుండగా, ఆ సంగతి తెలిసి అతడు ఫోను చేసి రమ్మనెను. నాకు మనసొప్పలేదు. నా గృహిణి మాత్రము, “పోయి రండి, ఇంకెన్నాళ్లుందుము?” అనెను. వెళ్లితిని. అది ధనుర్మాసము. తెల్లవారకమునుపే అతడు నన్ను పెన్‌హిల్స్‌లోని శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయమునకు తీసికొనిపోయెను. తిరుమల తిరుపతి దేవస్థానముల సహకారముతో 1970వ దశకమున వెలసిన ఆలయమది. వెలుపల మంచు, లోపల తిరుప్పావై. ప్రసాదము తీసికొని కూర్చుండినపుడు అతడే మాట యెత్తెను.

“నీ ఉత్తరము చేరినది. అప్పటికి ఇచ్చట మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడుచుండెను. నా ఉద్యోగము పోయి ఐదు నెలలు. మీ అమ్మ పెట్టిన అన్నము తిన్న చేతితో లేదని వ్రాయలేకపోతిని. తరువాత డబ్బు వచ్చినది గాని, నీకు ముఖము చూపలేకపోతిని.”

నాకు నోట మాట రాలేదు. 35 సంవత్సరములు పెండ్లిండ్లలోను, పేరంటములలోను, “మా యింటి అన్నము తిన్నవాడు మమ్ము మరచినాడు” అని ఎందరితోనో చెప్పితిని. విన్నవారిలో పలువురు నేడు లేరు. ఆ మాటలను తిరిగి ఎట్లు తీసికొందును? పరదేశిని తమవానిగా చేసికొన్న పేటలో పుట్టి, నేను నావానిని పరదేశిని చేసితిని. ఈ సంగతిని దాచక అతనికి చెప్పితిని. అతడు కొంతసేపు మాటలాడలేదు. పిదప తన పళ్లెములోని పొంగలిలో సగము నా పళ్లెమున వేసెను.

అతనిని ద్రుపదుడనుకొంటిని, అతడు కుచేలుని వలె సిగ్గుతో ముడుచుకొని యుండెను. ద్రోణుని లెక్క మాత్రము నాయొద్ద ఉండెను.

అయితే నిజముగానే గర్వించి తృణీకరించు మిత్రులు లేరా యని అడుగవచ్చును. కలరు. వారి గర్వమునకు ఫలము వారిది. కాని ఒకనాడు పెట్టిన అన్నము పెట్టిన క్షణముననే భగవదర్పణమైనది. దానిని తిరిగి మన ఖాతాలో వ్రాసికొనుట, స్వామికి సమర్పించిన నైవేద్యమును గర్భాలయము నుండి వెనుకకు మోసికొనివచ్చుట వంటిది. ఎదుటివాడు ఎట్టివాడైనను ఈ దోషము మనదే.

గోదాదేవి తాను ముందుగా మేల్కొన్నానని ఒంటరిగా స్వామి సన్నిధికి పోలేదు. తిరుప్పావై ముప్పది పాశురములలో ఆరవది మొదలు పదునైదవది వరకు పది పాశురములు నిద్రించు చెలులను లేపుటకే వినియోగించినది. నిష్ఠురములాడెను గాని, పలుకలేదని ఏ వాకిలిని విడిచిపోలేదు. శీతకాలపు సెలవులు, ధనుర్మాసము కలిసివచ్చుట మనకొక అవకాశము. దూరదేశమున నున్న మిత్రుని వాకిటికి పోగలవారు పోవుదురు గాక. పోలేనివారు ఒక ఉత్తరము వ్రాయుదురు గాక. ఆ ఉత్తరమున పాత లెక్క మాత్రము వ్రాయకుందురు గాక.