భూమికి సర్వే నంబరుంది, పనికి లేదు

మాట్లాడినవాళ్లు ఇద్దరు. నీటిపారుదల శాఖలో రిటైరైన ఇంజనీరు ఒకరు. దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్న లంబాడా అమ్మాయి ఇంకొకరు. ఆమె అమ్మానాన్నలు దేవరకొండ వైపు తండా విడిచొచ్చి, పొద్దున్నే ఎల్బీనగర్ అడ్డా మీద పని కోసం నిలబడతారు.

"సార్, మా వైపే సొరంగాలు, కాల్వలు తవ్వుతున్నరు. మరి మావోళ్లు పనికి ఎల్బీనగర్ ఎందుకు రావాలె?"

"ప్రాజెక్టు నీళ్ల కోసమమ్మా, కూలి కోసం కాదు. కూలికి ఉపాధి హామీ తెచ్చారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అందులో కాంట్రాక్టరుకు చోటు లేదు. అడిగిన 15 రోజుల్లో పని చూపాలి, లేదంటే భృతి ఇవ్వాలి."

"అప్పట్ల ఏడాదికి వంద రోజులన్నరు. పెద్ద ప్రాజెక్టుల ఆ హక్కేది? భూమి తీసుకునేటప్పుడు సర్వే నంబరుతో సహా మా ఊరి పేరు రాసుకుంటరు. పని ఇచ్చే కాడ మాత్రం ఊరి పేరే ఉండదు."

"పరిహారం ఇస్తున్నారుగా?"

"పరిహారం పోయినదానికి ధర, సార్. పని అంటే రాబోయేదాంట్ల వాటా. శ్రీశైలం ముంపు కుటుంబాలకు ఉద్యోగాలన్న 98వ నంబరు జీవో 1986లనే వచ్చింది. దాని కోసం ఎంతమంది ముసలోళ్లయ్యేదాకా తిరిగిన్రో మీకు తెల్వదా?"

"సొరంగం పనికి నైపుణ్యం కావాలి."

"నాగార్జునసాగర్ కట్టినోళ్లల్ల పాలమూరు కూలీలు లేరా? గుంపు మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి దేశంల ఎన్ని డ్యాముల కాడికి తోలుకపోయిన్రు?"

ఆయన వెంటనే జవాబివ్వలేదు.

"నైపుణ్యమొక్కటే కాదమ్మా. దూరం నుంచి వచ్చినవాడు పని మానేసి ఇంటికి పోలేడు. అడ్వాన్సు మెడ మీద ఉంటుంది, గొడవైతే వెంట నిలిచే చుట్టాలుండరు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాల్వ (ఎస్సెల్బీసీ) సొరంగం కూలి 8 మంది చిక్కుకుపోయారు. వాళ్లలో నలుగురు జార్ఖండ్ కూలీలు. ముంబైకి వలసపోయిన పాలమూరు కూలీలెట్లాగో ఇక్కడ వాళ్లట్లాగే."

నా దృష్టిలో అసలు విషయం ఇదే. స్థానికుడా పరాయివాడా అని మనం కొట్లాడుకుంటాం. కాంట్రాక్టరు వెతికేది మాత్రం ఎదురు చెప్పలేని మనిషిని.

"వాళ్లను ఎల్లగొట్టమంటలేను సార్. టెండర్లనే రాయాలె. ముంపు తండాలకు ముందు పని, పని మొదలుకాకముందే శిక్షణ. బయటినుంచి వచ్చినోళ్లకు గూడ అదే కూలి, 1979 నాటి వలస కార్మికుల చట్టం అప్పట్ల చెప్పిన ప్రయాణ భత్యం."

"ఖర్చు పెరుగుతుంది."

"సిమెంటు ధర పెరిగితే కాంట్రాక్టరుకు పెంచి ఇస్తలేరా?"

"ఇస్తున్నాం. ఒప్పందంలోనే ధరల సవరణ షరతు ఉంటుంది," అని ఆయన ఒప్పుకున్నారు.

సిమెంటుకు రాసిన షరతు మనిషికి రాయలేకపోవడానికి నాకు ఏ కారణమూ కనబడదు. మీ ఊళ్లో భూసేకరణ గ్రామసభ పెట్టిన రోజున ఎకరానికెంత అన్నదాంతో ఆగకండి. టెండరులో మా ఊరి కూలీకి ఏం రాశారో చదివి వినిపించమనండి.