నీతిబోధకు మార్కులెన్ని?

ఉన్నత పాఠశాలలలో నీతిబోధ ఉండవలెననుట నేటి మాట కాదు. ఈ విషయమును విచారించుటకు 1959లో భారత ప్రభుత్వము శ్రీప్రకాశ గారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. 1964–66 నాటి కొఠారీ కమిషను ఇందులకు వారమునకు ఒకటి రెండు పీరియడ్లు కేటాయింపవలెనని సూచించెను. పెద్దల అభిప్రాయములు ఇట్లుండగా, విద్యార్థులేమనుకొనుచున్నారు?

నా పదవ తరగతి విద్యార్థి నొకనిని ఈ ప్రశ్న అడిగితిని. వాడు సందేహించుచునే, "పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడులో మీరు లెక్కలే చెప్పారు కదా మాస్టారూ! మార్కులు లేని పాఠం కాబట్టి అవసరం లేదనుకున్నాం" అనెను. నాకు సమాధానము తోచలేదు.

పోనీ, మార్కులు పెట్టినచో సరిపోవునా? అప్పుడు సత్యమును గూర్చిన జవాబును గూడ ప్రక్కవాని కాగితము చూచి వ్రాయవచ్చును!

పిల్లలు నీతిని తృణీకరించుట లేదు. మన మాటను మన నడతతో సరిచూచుకొనుచున్నారు, అంతే. నీతి ముఖ్యమని చెప్పి, ఆ గంటను లెక్కలకు వాడుకొన్ననాడు నేను చెప్పిన నీతిపాఠమే వారికి బాగుగా వచ్చినది. ఈ యేడు ఆ గంటను ఆ గంటకే ఉంచవలెనని నిశ్చయించుకొంటిని. మొదట దిద్దుకొనవలసినది గురువు గదా!