తెలిసినవాని పందెము

ఋతుపర్ణ మహారాజు విదర్భకు రథముపై పోవుచు, త్రోవలోని తానికాయ చెట్టును చూచినంతనే దాని ఆకులెన్నో, కాయలెన్నో చెప్పిన కథను మన యిండ్లలో విననివారుండరు. బాహుకుడను పేర రథము తోలుచున్న నలుడు నమ్మక, దిగి లెక్కించెను. లెక్క సరిపోయెను. అంతట తన అశ్వహృదయమునకు మారుగా రాజునొద్ద అక్షహృదయమును గ్రహించెను. ఒకనికి గుఱ్ఱము తెలియును, ఒకనికి అంకె తెలియును. ఈ రెండు విద్యలను జతపఱచినవారు ఇరువదవ శతాబ్దమున అమెరికాలో ప్రసిద్ధులైరి.

ఆండ్రూ బేయర్ అను పత్రికా రచయిత 1975లో ప్రకటించిన 'పికింగ్ విన్నర్స్' అను గ్రంథమున వేగాంకమును గూర్చి విపులముగా చెప్పెను. అంతకుముందే కొందఱు అట్టి లెక్కలు కట్టి రహస్యముగా దాచుకొనిరి. విషయము కఠినమైనది కాదు. ఒక గుఱ్ఱము ఆరు ఫర్లాంగులను 72 సెకండ్లలో పరుగెత్తినదనుకొందము. ఆనాడు వానకు నేల మెత్తబడి, పందెములన్నియు మామూలుకంటె రెండేసి సెకండ్లు ఆలస్యమైనచో, ఆ పరుగు 70 సెకండ్ల పరుగుతో సమానము. ఇట్లే దూరభేదమును కూడ సరిచేసి తుదకు ఒక్క అంకెగా మార్చినచో, వేర్వేరు ఊళ్ల గుఱ్ఱములను ప్రక్కప్రక్కన నిలిపి చూడవచ్చును. జనమంతయు 72 అను సంఖ్యను చూచి పెదవి విఱువగా, లెక్క తెలిసినవాడు మాత్రము ఆ గుఱ్ఱముపైననే సొమ్ము ఒడ్డును.

టోట్ పద్ధతిలో పందెగాండ్రందఱి సొమ్మును ఒకచోట చేర్చి, క్లబ్బు భాగమును, ప్రభుత్వపు పన్నును ముందుగా తీసివేసి, మిగిలినది గెలిచినవారికి పంచుదురు. కావున అచట ఒకని లాభము తక్కినవారి నష్టమే. 1992 నుండి 'డెయిలీ రేసింగ్ ఫారమ్' అను పత్రిక బేయరు అంకెలను గుఱ్ఱముల పూర్వచరిత్రతో పాటు అచ్చువేయసాగెను. అందఱును పెద్ద అంకె గల గుఱ్ఱముపైననే ఒడ్డిరి. గెలిచినను పంపకమున వచ్చునది సన్నగిల్లెను. అంకె అబద్ధము కాలేదు; అందఱికిని తెలియుటచే దాని విలువ పోయెను.

తమిళనాడు ప్రభుత్వము 1974లో గుఱ్ఱపు పందెములను నిలిపివేయుటకు చట్టము చేసిన సంగతి మనవారికి తెలిసినదే. 1996లో సుప్రీంకోర్టు, ఈ పందెములు ప్రధానముగా నైపుణ్యముపై ఆధారపడినవనియు, జూదపు చట్టములు వానికి వర్తింపవనియు తీర్పు చెప్పెను. న్యాయస్థానపు మాట న్యాయస్థానమునకు తగును. మా సందేహము వేఱు. నైపుణ్యమున్నచో దోషము తొలగునా? అక్షహృదయము నెఱిగిన నలుడు దాని నెఱుగని పుష్కరుని మఱల జూదమునకు పిలిచి రాజ్యమును గెలిచెను. పుష్కరుడును ఆ విద్య నేర్చియుండినచో కథ ఏమగును? నలుని గెలుపునకు పుష్కరుని అజ్ఞానము కూడ ఒక సాధనము కాదా? అయితే నలుడు గెలిచినపిదప తమ్ముని భాగమును తమ్మునికే యిచ్చి పంపెను. గిండీలో అట్లు చేసినవారిని మేము వినలేదు.

ఈ ప్రశ్న మాకు గ్రంథములలో దొరకినది కాదు. మన రాజపాళయమున వేటకుక్కను కొనువారు దాని రొమ్మును, కాళ్లను చూచి వేగము చెప్పుదురు. మా పెదతండ్రిగారికి ఆ చూపును కలదు, లెక్కయు కలదు. 1974కు పూర్వము ఆయన వార్తాపత్రికలలోని పందెపు కాలములను ఒక నోటుపుస్తకమున వ్రాసుకొని, సెలవులు చూచుకొని రైలెక్కి మద్రాసు పోయెడివారు. రెండేండ్లు వరుసగా లాభముతో తిరిగివచ్చిరి. పిల్లలమైన మాకు ఆయన ఋతుపర్ణుడే.

కూతురి పెండ్లికి బంగారము కొనవలసివచ్చినపుడు ఆయన ఆ సొమ్మును తెచ్చి పెద్దమ్మ ముందుంచిరి.

"ఇది జూదము కాదు, లెక్క," అనిరి.

"లెక్కయే కావచ్చునండీ. ఈ రూపాయి ఎవరిది?" అని ఆమె యడిగెను.

ఆయన కొంత తడవు ఆలోచించి, "లెక్క తెలియనివానిది," అనిరి. ఆయన అబద్ధమాడెడివారు కారు.

తాళిబొట్టు బంగారము మిల్లు జీతములోనుండియే కొనబడెను. ఆ సొమ్మేమైనదో మాకెవ్వరును చెప్పలేదు. నోటుపుస్తకము మాత్రము నేటికిని మా పెట్టెలో నున్నది. వానపడిన దినములకు ఎదురుగా, ఎఱ్ఱసిరాతో, రెండేసి సెకండ్లు తగ్గించి వ్రాసిన అంకెలు ఇంకను చెదరలేదు.