పరస్వాపహరణము – నృగోపాఖ్యానము

లింగంపేటలోని నాగన్న బావి మెట్లు దిగు భక్తునకు శ్రీమద్భాగవత దశమస్కంధమందలి మరియొక బావి స్మరణకు వచ్చును. ద్వారక చెంత నీరింకిన ఆ నూతిలో నృగమహారాజు ఊసరవెల్లియై పడియుండెను. అసంఖ్యాకముగా గోదానములు చేసిన ఆ దాత, తన మందలో కలిసిన ఒక విప్రుని ఆవును తెలియక వేరొకరికి దానమిచ్చెను. లక్ష గోవుల నిచ్చెదనన్నను స్వంతదారు అంగీకరింపలేదు.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 303వ సెక్షను దొంగతనమునకు మూడేండ్ల వరకు ఖైదు విధించుచున్నది. దురుద్దేశము లేనిదే అది దొంగతనము కాదు. కనుక ఆ చట్టము నృగుని విడిచిపెట్టును. ధర్మము మాత్రము విడువలేదు. తెలియక చేసినదానికే ఇట్టి ఫలమైన, తెలిసి పొరుగువాని పొలముగట్టు జరిపినవాని గతి యేమి?

తొలిసారి నేరము చేసినవాడు, ఐదువేల రూపాయలలోపు సొత్తును తిరిగి యిచ్చినచో, సమాజసేవయే శిక్షయని ఆ సెక్షనే చెప్పుచున్నది. తిరిగి యిచ్చుటకు వ్యవధి యుండగనే ఇచ్చివేయుట మేలు. నృగునకు ఆ వ్యవధి మించిపోయెను. శ్రీకృష్ణుని కరస్పర్శయే అతనిని ఉద్ధరించెను.