బీరువా తాళం ఎక్కడుంటుంది?

గత మాసం ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన పిదప హిమాయత్‌నగర్‌లో మనవారి ఇంటికి టీకి వెళ్లాను. ఇంటి యజమానికి బట్టల దుకాణం ఉంది. రాత్రి పదింటికి షట్టర్ దించి, ఆ రోజు వచ్చిన డబ్బు సంచిలో పెట్టుకుని, స్కూటర్ మీద నారాయణగూడ మీదుగా ఇంటికి చేరుతాడు. ఆ మధ్య ఎవరో ఇద్దరు బండి మీద చాలా దూరం వెంబడించారట. అప్పటినుండి ఆయనకు సరిగా నిద్ర లేదు. టీ కప్పు కింద పెట్టి మెల్లగా అడిగాడు: "సార్, తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకుందామనుకుంటున్నాను. పాపమంటారా?"

పాపం కాదనే చెప్పాను. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఆత్మరక్షణను హక్కుగా అంగీకరిస్తుంది. ఇతరుల ప్రాణాలకు బాధ్యులైనవారికి అది హక్కు మాత్రమే కాదు, గురుతరమైన బాధ్యత కూడా అని బోధిస్తుంది. భార్యాబిడ్డలున్న తండ్రి భయాన్ని అవిశ్వాసమని తేలిగ్గా కొట్టిపారేసే ప్రసంగాలు నాకు నచ్చవు.

అయితే కాపాడవలసింది ఎవరినుండి? ప్రియ పాఠకులారా, చిక్కు ఇక్కడే ఉంది.

మన దేశంలో తుపాకీ ఎవరికీ పుట్టుకతో వచ్చిన హక్కు కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ప్రభుత్వం ఇచ్చే అనుమతి అది. 21 ఏళ్లు నిండాలి. మన నగరంలోనైతే పోలీసు కమిషనర్ మంజూరు చేయాలి. ఒక మనిషి వద్ద మూడు తుపాకుల దాకా ఉండవచ్చన్న నియమాన్ని 2019 సవరణ రెండుకు తగ్గించింది. పెళ్లి ఊరేగింపుల్లో సరదాకు కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల వరకు జైలు అన్నది కూడా ఆ సవరణే. దరఖాస్తుదారు మంచివాడా కాదా అని పోలీసులు ఇరుగుపొరుగున వాకబు చేస్తారు. మంచిదే. కాని మనిషి అన్ని రోజులూ ఒకేలా ఉంటాడా?

2020 డిసెంబర్ 18న ఆదిలాబాద్ తాటిగూడలో పిల్లల క్రికెట్ ఆట దగ్గర తగాదా మొదలై పెద్దలదాకా వచ్చింది. మునిసిపాలిటీకి వైస్ చైర్మన్‌గా చేసిన వ్యక్తి రివాల్వర్ తీసి కాల్చాడు. ముగ్గురు గాయపడ్డారు, వారిలో ఒకరు కొన్ని రోజులకు కన్నుమూశారు. 2022లో న్యాయస్థానం యావజ్జీవ శిక్ష వేసింది. అది దొంగ తుపాకీ కాదు, లైసెన్సు ఉన్నదే. రివాల్వర్ చేతికి అందకపోతే ఆ సాయంత్రం తిట్లతోనో, మహా అయితే దెబ్బలతోనో ముగిసేదేమో.

కోపం కూడా అక్కరలేదు. 2024 నవంబర్‌లో మన ప్రాంతం నుండి చదువుకోవడానికి అమెరికా వెళ్లిన ఒక యువకుడు అట్లాంటాలో తన గదిలో వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించాడు. ఇక్కడ కన్నవారికి ఫోను వచ్చింది. అక్కడ శత్రువెవరూ లేరు.

గెత్సేమనీ తోటలో పేతురు కత్తి దూసింది తనకోసం కాదు, గురువును కాపాడటానికి. ఉద్దేశంలో తప్పు పట్టలేం. కాని ఆ వేటు ప్రభువును పట్టించిన యూదాకు తగలలేదు, బంటులను పంపిన ప్రధానార్చకునికీ తగలలేదు. ఒక సేవకుని చెవి తెగింది. ప్రభువే దాన్ని బాగుచేయవలసి వచ్చింది. మన ఇళ్లలో తుపాకీ పేలినప్పుడు అలాంటి వైద్యుడు పక్కనే ఉంటాడని అనుకోలేం.

"నేను కోపిష్టిని కాను సార్" అన్నాడాయన. నిజమే, నాకు తెలుసు. అందుకే వేరే సంగతి అడిగాను. దొంగ వచ్చిన వేళకు పనికి రావాలంటే తుపాకీలో తూటాలు నింపి, చేతికందే చోట పెట్టుకోవాలి. పిల్లలున్న ఇంట్లో ప్రమాదం లేకుండా ఉండాలంటే తూటాలు తీసి వేరుగా దాచి, రెండింటికీ తాళం వేయాలి. మీరు ఏది చేస్తారు?

"బీరువాలో పెడతాను."

"తాళంచెవి?"

వంటింట్లోనుండి ఆయన భార్య జవాబిచ్చింది: "తిరుహృదయం పటం వెనకాల ఉంటుంది సార్. మా చిన్నోడికి కూడా తెలుసు. మొన్న చాక్లెట్ల కోసం వాడే తీశాడు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సుదారులు తుపాకులను పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. బ్యాంకు కాపలాదారుల వంటి కొందరికే మినహాయింపు. 2023 శాసనసభ ఎన్నికలకూ, 2024 లోక్‌సభ ఎన్నికలకూ ఇదే పద్ధతి. ఆ వారాల్లో ఆ కుటుంబాలు ఎలా నిద్రపోతాయి? మనలాగే గొళ్లెం పెట్టుకుని, పక్కింటివారికి ఒక మాట చెప్పి, జపమాల చెప్పుకుని. పేరు పెట్టి చంపుతామని బెదిరింపులు వచ్చినవారు లేకపోలేదు, వారి సంగతి వేరు. మనలో ఎక్కువమందిది ఆ పరిస్థితి కాదు.

దుకాణం ఎనిమిదింటికే కట్టకూడదా అన్నాను. బేరమంతా ఆ తర్వాతే సార్ అన్నాడు. కాదనలేకపోయాను. సలహా ఇచ్చేవాడికి దుకాణం అద్దె కట్టే బాధ ఉండదు.

మొన్న చిక్కడపల్లిలో కనబడ్డాడు. ఇప్పుడు పక్క దుకాణం సాయిబుగారూ తనూ ఒకేసారి షట్టర్లు దించి, రెండు బండ్ల మీద కలిసి బయలుదేరుతున్నారట. డబ్బు మధ్యాహ్నమే బ్యాంకులో వేసి వస్తున్నాడు. దరఖాస్తు ఫారం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.